ఒకే వాదన

కోర్టులో ఆమెను ఎదురుగా అందరూ లాయరమ్మ అనేవారు. వెనకాల మాత్రం ‘బెయిలు గండం’ అనేవారు. ప్రభుత్వం తరఫున ఆమె లేచి నిలబడిందంటే నిందితుడు ఇంటిమీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ పేరు చెవిన పడ్డప్పుడు ఆమె కోప్పడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్నది ఆమె పద్ధతి.

ఆ సోమవారం ఆమె ముందు రెండు బెయిలు దరఖాస్తులున్నాయి. రెండూ హత్య కేసులే. మొదటిది ఒక తాపీమేస్త్రీది. కడుతున్న భవనం మీద, పరంజా ఎక్కి పనిచేస్తుండగా తోటి మేస్త్రీతో మాటామాటా పెరిగింది. అవతలివాడు కిందపడి ప్రాణం వదిలాడు. ఇతనే తోశాడని కంట్రాక్టరు అన్నాడు. పరంజా కర్ర విరిగిందని ఇతను అన్నాడు. తోస్తుండగా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

రెండోది, ఊరంతా ‘పెద్దాయన’ అని పిలుచుకునే నాయకుడిది. కారు ఆలస్యంగా తెచ్చాడన్న కోపంతో డ్రైవర్ని చేతికర్రతో చావబాదాడని కేసు. చావబాదడమంటే నిజంగానే చనిపోయేదాకా. ఆయన ఇంటి వంటావిడ కిటికీలోంచి అంతా చూసి, పోలీసులకు పూసగుచ్చినట్టు చెప్పింది.

ముందు మేస్త్రీని పిలిచారు. అతను బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తలుపు దగ్గర అతని భార్య చంటిపిల్లను భుజాన వేసుకుని, ఏడవకుండా జోకొడుతోంది.

“బయటికి వదిలితే సాక్షుల్ని బెదిరిస్తాడండీ. ఇలాంటివాళ్ళకి బెయిలిస్తే జనానికి చట్టమంటే లెక్కుండదు,” అంది లాయరమ్మ.

మేస్త్రీ ఉండబట్టలేకపోయాడు. “నేనెవర్ని బెదిరిస్తానమ్మా? మా ఇంట్లో పిల్లి కూడా నా మాట వినదు!”

హాలంతా నవ్వింది. జడ్జిగారూ నవ్వారు. ఆ నవ్వు మొహంమీద ఉండగానే బెయిలు కొట్టేశారు. భార్య ఏం జరిగిందో అర్థంకాక, నవ్వారు కదా మంచే జరిగిందేమోనని చుట్టూ చూసింది. పోలీసు అతని భుజం పట్టుకున్నాక తెలిసింది.

తర్వాత పెద్దాయన వచ్చాడు. చక్రాల కుర్చీలో, వెనక నలుగురు పేరుమోసిన లాయర్లతో. ఎవరూ చెప్పకుండానే హాల్లో సగంమంది లేచి నిలబడ్డారు. బోను దాకా వెళ్ళక్కర్లేదు, అక్కడే ఉండమన్నారు జడ్జిగారు. ఫ్యాను ఆయన వైపు తిప్పమన్నారు కూడా.

లాయరమ్మ వెనకాడలేదు. ఇందాకటి మాటలే ఇంకా గట్టిగా చెప్పింది. “బయటికి వదిలితే సాక్షుల్ని బెదిరిస్తారండీ.”

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. “దానికి ఆధారమేదమ్మా? జీవితమంతా ప్రజల్లో ఉన్న మనిషి. ఆరోగ్యం చూస్తే అలా ఉంది. ఊహమీద ఒక మనిషి స్వేచ్ఛ తీసెయ్యగలమా?”

బెయిలు వచ్చేసింది.

ఆ జడ్జి లంచగొండి కాడు. అలాంటివాడైతే ఆమెకు తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆయన మనస్ఫూర్తిగానే ఆ మాటలన్నారు. మేస్త్రీ విషయంలో ఆ ప్రశ్న ఆయన నోటికి రాలేదు. నిజం చెప్పాలంటే, ఆమెకూ రాలేదు.

బయటికొస్తుంటే ఆమె గుమాస్తా ఫైళ్ళు చంకలో సర్దుకుంటూ గొణిగాడు. “చిన్న పాముకి పెద్ద కర్ర, బానే ఉందమ్మా. పెద్ద పామొస్తే మాత్రం మనం పాలగిన్నె వెతుక్కుంటాం.”

“నోరు మూసుకుని నడువు,” అంది ఆమె. ఆ రాత్రి పెద్దాయన ఫైలు ఇంటికి పట్టుకెళ్ళింది.

అప్పట్నుంచి ఆమె పెద్దాయన కేసు మీదే కూర్చుంది. పై కోర్టుకు వెళ్ళింది, అక్కడా చుక్కెదురైంది. వంటావిడను పిలిపించుకుని ధైర్యం చెప్పింది. “నువ్వు చూసింది చూసినట్టు చెప్పు చాలు. నేనున్నాను.”

“చెప్తానమ్మా. ఆ పిల్లాడికి నేనే రోజూ అన్నం పెట్టేదాన్ని. ఎందుకు చెప్పను?” అంది వంటావిడ.

విచారణ రోజున అదే వంటావిడ బోనెక్కి, కొంగు వేలికి చుట్టుకుంటూ, “ఆ పూట నేను కూరగాయలకెళ్ళానండి. నేనేం చూళ్ళేదు,” అంది.

లాయరమ్మ ఎన్ని విధాల అడిగినా నీళ్ళు నమిలింది తప్ప మాట మార్చలేదు. వాయిదా అయ్యాక వరండాలో వంటావిడను పట్టుకుంది.

“బెదిరించాడా? ఒక్క మాట చెప్పు. బెయిలు రద్దు చేయిస్తాను.”

“లేదమ్మా. ఒట్టు. ఒక్క పరుషమైన మాట అన్లేదు.” వంటావిడ చుట్టూ ఓసారి చూసి గొంతు తగ్గించింది. “ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. చక్రాల కుర్చీ లేదు, ఏం లేదు, నడుచుకుంటూనే వచ్చాడు. మంచం మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఇచ్చాను. మా పిల్లలిద్దర్నీ పేరుపెట్టి పిలిచి, ఏ బళ్ళో చదువుతున్నారు, ఏ దారిన వెళ్తారు అని అడిగాడు. జాగ్రత్తమ్మా, రోడ్ల మీద బళ్ళెక్కువ అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.”

దీన్ని ఏ కోర్టులో చెప్పి ఏమని నిరూపించాలి? మంచినీళ్ళు తాగడం నేరం కాదు. పిల్లల చదువు అడగడం నేరం కాదు.

పెద్దాయన నిర్దోషిగా బయటికొచ్చిన రోజున గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. చనిపోయిన డ్రైవరు తల్లి ఆ జనంలోంచి దారి దొరక్క, గోడ పక్కనే నిలబడిపోయింది. లాయరమ్మ ఆ తల్లి దగ్గరకెళ్ళింది. చెయ్యి పట్టుకుని గేటు దాటించింది, అంతే.

ఆ సాయంత్రమే మేస్త్రీ గుర్తొచ్చాడు. గుమాస్తాను అడిగితే, “ఇన్నేళ్ళయినా ఇంకా లోపలే ఉన్నాడమ్మా. విచారణ మొదలే కాలేదు. కంట్రాక్టరు వాయిదాలకి రావట్లేదు,” అన్నాడు.

ఆమె మేస్త్రీ ఫైలు తెప్పించింది. పెద్దాయన కేసు మొదలై, నడిచి, ముగిసి, ఊరేగింపు కూడా అయిపోయింది. ఇతని ఫైలు మీద దుమ్ము దులిపినవాళ్ళు లేరు.

మేస్త్రీ తరఫు కుర్ర లాయరుకు తనే కబురు పంపి మళ్ళీ దరఖాస్తు పెట్టించింది. కేసు పిలిచినప్పుడు లేచి, “ప్రభుత్వానికి అభ్యంతరం లేదండీ,” అంది. జడ్జిగారు వింతగా చూసి సంతకం పెట్టారు.

మర్నాడు అతను విడుదలయ్యేసరికి ఆమె జైలు గేటు బయట కారులో ఉంది. ఎందుకెళ్ళిందో ఆమెకే సరిగ్గా తెలియదు. తలంతా నెరిసి, చొక్కా వదులై, అతను గేటు దగ్గరే నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

“నీకోసం ఎవరూ రాలేదా?” అని అడిగింది.

అతను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. “మా ఆవిడ పిల్లనేసుకుని వేరే ఊరికి పనికెళ్ళిందంటమ్మా. కొన్నాళ్ళు ములాఖత్‌కని చూడ్డానికొచ్చింది, తర్వాత రాలేదు. దాన్ననడానికేముంది, పిల్లకి తిండి పెట్టాలి కదా. ఏ ఊరో కనుక్కోవాలి.” తర్వాత తడబడుతూ, “నిన్న మీరొప్పుకోబట్టే బయటపడ్డాను. మీ మేలు మర్చిపోను తల్లీ,” అన్నాడు.

మేలు అన్న మాట ఆమె మొహాన చాచి కొట్టినట్టయింది. మేలు కాదయ్యా, నిన్ను ఇన్నాళ్ళూ లోపల ఉంచింది నేనే అనాలనుకుంది. కారు తలుపు తీసి, “ఎక్కు, బస్టాండు దగ్గర దింపుతాను,” అంది.

దారంతా అతను కిటికీలోంచి భవనాలు చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట, “ఈ గోడలు నేనే లేపానమ్మా. పూత ఎవరు పూశారో గానీ బాగా పూశారు,” అన్నాడు. ఆమె తలూపింది.

బస్టాండులో దిగాక అతను విచారణ కిటికీ దగ్గరకెళ్ళి లోపలివాణ్ణి ఏదో అడిగాడు. ఏ ఊరికని వాడు తిరిగి అడిగినట్టుంది. మేస్త్రీ జవాబు చెప్పలేక కిటికీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక వరసలోవాళ్ళు తొందరపెడుతుంటే, పక్కకు జరిగి వాళ్ళకు దారిచ్చాడు.