నూట పన్నెండో పేజీ దాకా

ఆసుపత్రిలో రక్తం తీసే గదికి వచ్చే పిల్లలు ఆమెకు పెట్టిన పేరు సూదమ్మ. పేరుకే భయం గానీ ఆమె చెయ్యి చాలా తేలిక. "అయిపోయిందా?" అంటూ పిల్లలు కళ్ళు తెరిచేసరికి దూది అద్దేసి ఉండేది. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం ఆ గది ఆరున్నరకే తెరవాలి. అందుకని ఆమె నాలుగున్నరకు లేచి, ఇద్దరు ఆడపిల్లలకు డబ్బాలు సర్ది, నిద్రలో ఊగుతున్న పెద్దదానికి జడ వేసి, చిన్నదాన్ని తయారుచేసే పని భర్తకు అప్పజెప్పి బస్సెక్కేది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ భవనంలో ఎవరు ఎప్పుడు ఇరుక్కుంటారో తెలియదు. అతను కంచం ముందు కూర్చున్నాడంటే ఫోను మోగినట్టే.

ఇంత పరుగులోనూ ఆమె వదలని అలవాటు ఒకటే, నవలలు. బస్సులో వెళ్ళేటప్పుడు ముప్పావు గంట, వచ్చేటప్పుడు ముప్పావు గంట. సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే కమ్మీకి భుజం ఆనించి చదివేది. నెలకు మూడో నాలుగో అయ్యేవి. వాళ్ళ వీధి చివర లైబ్రరీలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి నెలా చివరి శనివారం, ఇష్టమున్నవాళ్ళు ఆ నెల చదివిన పుస్తకాల గురించి ఒక కాగితం మీద రాసిస్తే తలుపు పక్కనున్న బోర్డుకు గుచ్చేవాళ్ళు. చాలామంది "బాగుంది, అందరూ చదవాల్సిన పుస్తకం" అని రాసి సంతకం పెట్టేవారు. సూదమ్మ అలా కాదు.

"ఈ నవలలో ఏడుగురు మనుషులు ఒకే ఇంట్లో మూడు వందల పేజీలు ఉన్నారు. ఒక్కరూ ఒక్క గిన్నె కడగలేదు" అని ఒకసారి రాసింది. "కథానాయికకు జ్వరం వచ్చి, పేజీ తిప్పేలోగా తగ్గిపోయింది. రచయితకు పిల్లలున్నట్టు లేదు" అని ఇంకోసారి. మరో నెల, "ఆకాశం గురించి నాలుగు పేజీలు రాశారు. అవి చదువుతూ నేను దిగాల్సిన చోటు దాటిపోయాను. వెనక్కి నడిచొస్తూ నేనూ ఆకాశం చూశాను. అంత లేదు." జనం బోర్డు ముందు నిలబడి చదువుకుని నవ్వుకునేవారు. ఆమె సంతకం పెట్టకపోయినా, వాలు లేకుండా మందుచీటీలా పొడిపొడిగా ఉండే ఆ చేతిరాత ఎవరిదో అందరికీ తెలుసు.

ఆ నెల మాత్రం ఆమెకు ఊపిరి సలపలేదు. మొదటి వారం చిన్నదానికి జ్వరం. అది తగ్గీ తగ్గకముందే ఆమెతోపాటు పనిచేసే అమ్మాయి పురిటి సెలవులో వెళ్ళింది. ఇద్దరి పనీ ఒక్కతే చెయ్యాల్సి వచ్చింది. బస్సులో కూర్చుంటే చాలు, పుస్తకం ఒళ్ళో, తల కిటికీకి. రెండుసార్లు కండక్టరే లేపి దింపాడు. నెలాఖరుకు నాలుగు నవలల్లో మూడు సంచీలోంచి బయటికే రాలేదు. నాలుగోది నూట పన్నెండో పేజీలో ఆగింది.

"ఈసారికి నన్ను వదిలెయ్యండి మేడమ్" అంది లైబ్రేరియన్‌తో.

"చదివినంతవరకే రాయమ్మా. నీ కాగితం ఎప్పుడని అడిగేవాళ్ళకి సమాధానం చెప్పలేక చస్తున్నాను" అంది ఆవిడ. అరవైకి దగ్గరపడిన మనిషి. మొహమాటం లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం, రక్తం గొట్టాలు యంత్రంలో గిర్రున తిరుగుతుంటే ఆ పక్కనే నిలబడి, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో రాసేసింది.

"ఈ నెల ఒకటే. అదీ నూట పన్నెండో పేజీ దాకే. ఇందులో తల్లి ఒక మధ్యాహ్నం చేతిసంచీ తీసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. కొడుకు స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం కేకేస్తుంటాడు. ఆమె వెనక్కి తిరగదు. నేను అక్కడ పుస్తకం మూసి, మళ్ళీ తెరవలేదు. ఆమె మీద కోపం రావాలి కదా, రాలేదు. కుళ్ళు పుట్టింది. నడిచి వెళ్ళడానికి ఆమెకు అంత ఓపిక ఎక్కడిదో రచయిత రాయలేదు. మిగతాది ఓపికుంటే చదువుతాను."

రాసింది మళ్ళీ చదువుకోలేదు. సాయంత్రం బోర్డుకు గుచ్చి ఇంటికెళ్ళింది.

బడి అయ్యాక పిల్లలిద్దరూ అమ్మ వచ్చేదాకా లైబ్రరీలోనే కూర్చుంటారు. పెద్దదానికి పన్నెండేళ్ళు, చిన్నదానికి ఆరు. సోమవారం నాడు చిన్నది బొమ్మల పుస్తకం ముందేసుకుంటే పెద్దది బోర్డు దగ్గరికెళ్ళి అమ్మ కాగితం చదివింది. ఎప్పుడూ చదువుతుంది. ఎప్పుడూ నవ్వుతుంది. ఆ రోజు రెండుసార్లు చదివి, నవ్వకుండా వచ్చి కూర్చుంది.

మంగళవారం పొద్దున సూదమ్మ లేచేసరికి పెద్దది లేచి ఉంది. జడ తనే వేసుకుంది, పాయలు ఎగుడుదిగుడుగా. రొట్టెలకు వెన్న రాసి డబ్బాలో పెట్టేసింది. "ఏంటే ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడా?" అంది తల్లి. "ఊరికే" అంది పిల్ల.

బుధవారమూ అంతే. సాక్సులు కనబడటం లేదన్న అరుపు లేదు. లెక్క రాలేదన్న ఏడుపు లేదు. అక్కాచెల్లెళ్ళ కొట్లాట లేదు. అన్నం పెట్టిన వెంటనే తినేసి కంచాలు తీసుకెళ్ళి కడిగేస్తున్నారు. చిన్నదైతే ఏదో అడగబోయి, అక్క వైపు చూసి నోరు మూసుకుంటోంది. సూదమ్మ అది చూసింది. చూసి, ఆలోచించే ఓపిక లేక ఊరుకుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అదే పదివేలు.

"నక్కతోక తొక్కినట్టున్నాను" అంది ఆసుపత్రిలో నర్సుతో. "మా పెద్దదానికి ఉన్నట్టుండి బుద్ధొచ్చింది."

"దాన్ని ఓ వారం మా ఇంటికి పంపు. మావాడికి అంటుకుంటుందేమో" అంది నర్సు.

గురువారం బడి నుంచి టీచరమ్మ ఫోను చేసింది. నిన్న తల్లిదండ్రుల సమావేశం జరిగిందనీ, ఈమె ఒక్కతే రాలేదనీ. సాయంత్రం పెద్దదాన్ని అడిగితే, "నీకు పనుంటుంది కదా అని చెప్పలేదు" అంది నేల చూపులు చూస్తూ. తల్లికి ఎక్కడో కలుక్కుమంది. కానీ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అటు పరుగెత్తింది.

ఆదివారం ఆమెకు సెలవు. పది దాటినా ఒళ్ళు లేవనంటోంది. మంచం అంచున కూర్చుని కాళ్ళు రుద్దుకుంటుంటే, స్నానాల గది తలుపు తీసుకుని చిన్నది బయటికొచ్చింది. ఒంటి మీద నూలుపోగు లేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చప్పుడు చెయ్యకుండా, గోడ వెంబడే మునివేళ్ళ మీద నడుచుకుంటూ బట్టల అలమారా వైపు వెళుతోంది. నడిచినంత మేరా నీటి చార.

సూదమ్మ దుప్పటి లాగి దాన్ని చుట్టేసింది.

"మొన్ననే కదే జ్వరం తగ్గింది! తువ్వాలు కావాలని కేకెయ్యొచ్చుగా?"

"అక్క వద్దంది."

"ఏం వద్దంది?"

"తువ్వాలు అడిగితే నువ్వు సంచీ తీసుకుని వెళ్ళిపోతావంట" అంది చిన్నది, వణుకుతూనే. "నేను అడగలేదమ్మా. నిన్న కూడా అడగలేదు. గౌనుతో తుడుచుకున్నాను."

సూదమ్మ చేతులు ఆగిపోయాయి. పక్క గదిలో స్క్రూలు ఏరుకుంటున్న భర్త, మాటలు విని గుమ్మంలోకి వచ్చాడు. ఏంటని అడిగాడు. ఆమె బోర్డు మీద రాసింది ముక్కముక్కలుగా చెప్పింది. అతను తడినేల వంక చూస్తూ విన్నాడు.

"చదవేస్తే ఉన్నమతి పోయిందని..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. కాసేపయ్యాక, "అది నాతో చెప్పొచ్చు కదా, బోర్డుతో చెప్పే బదులు" అన్నాడు.

"ఎప్పుడు చెప్పను? నువ్వెప్పుడు ఇంట్లో ఉన్నావు గనక?"

"నేనున్నప్పుడు నువ్వు నిద్రలో ఉంటావు."

రెండూ నిజమే. అతను పాత గుడ్డ తెచ్చి వంగి నేల తుడవసాగాడు. ఆమె చిన్నదాన్ని అతనికి అప్పగించి బాల్కనీలోకి వెళ్ళింది.

పెద్దది అక్కడ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. అందక, మునివేళ్ళ మీద లేస్తోంది. తల్లిని చూసి, "నేను ఆరేస్తాను, నువ్వు పడుకో" అంది.

"ఆ చొక్కా ఇటివ్వు." సూదమ్మ చొక్కా దులిపి తీగ మీద వేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వేలమందికి సూది గుచ్చేముందు చెప్పిన మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు.

"నేను రాసింది చదివావా?"

పిల్ల తలూపింది. క్లిప్పు పెడుతూ, అటు తిరిగే అడిగింది. "నిజంగానే కుళ్ళుకున్నావా?"

అబద్ధం చెబితే తేలికయ్యేది. "ఆ" అంది తల్లి. "కుళ్ళుకున్నాను. ఆ రోజు నాకు అంత అలసటగా ఉంది."

"మా వల్లా?"

"మీ వల్లే కాదు. అన్నిటి వల్లా. మీరూ అందులో ఉన్నారు." సూదమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "అలసిపోయినవాళ్ళు చాలా అనుకుంటారే. అనుకున్నవన్నీ చెయ్యరు. నేను ఎక్కడికీ వెళ్ళను. వెళ్ళాలంటే బస్సెక్కాలి, బస్సెక్కితే నిద్రపోతాను."

పిల్ల నవ్వబోయి, పెదవి కొరుక్కుంది. "మరి బోర్డు మీద ఎందుకు పెట్టావు? అందరూ చూసేలా?"

"ఇంకెక్కడ చెప్పాలో తెలియక."

కింద వీధిలో ఎవరో బండి హారను కొట్టారు. పెద్దది ఒక దిండుగలీబు ఆరేసి, దాన్ని అవసరం లేకుండా రెండుసార్లు సరిచేసింది.

"ఆవిడ తిరిగొస్తుంది" అంది హఠాత్తుగా.

"ఎవరు?"

"నవల్లో ఆవిడ. నువ్వు వంట చేస్తున్నప్పుడల్లా నీ సంచీలోంచి తీసి చదివాను. నిన్న అయిపోయింది." "వస్తుందో రాదో తెలియాలి కదా నాకు."

మూడు వందల పేజీలు. చిన్న అక్షరాలు. తను నెలంతా గింజుకుని సగం కూడా చదవని పుస్తకాన్ని, ఈ పిల్ల గుండె చేత్తో పట్టుకుని వారంలో చివరంటా చదివింది. సూదమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. పెద్దది ముందు బిగుసుకుంది. తర్వాత తడిచేతులు తల్లి నడుము చుట్టూ వేసి, మొహం దాచుకుని ఏడ్చింది. వారం రోజుల ఏడుపు.

వెక్కిళ్ళు తగ్గాక సూదమ్మ మెల్లగా అడిగింది. "ఎలా ఉంది నవల?"

"బాలేదు" అంది పిల్ల ముక్కు తుడుచుకుంటూ. "ఎందుకొచ్చిందో రాయలేదు. పిల్లాడు పరుగెత్తుకొచ్చి వాటేసుకున్నాడంట, అంతే. నేనైతే పరుగెత్తను."

"ఏం చేస్తావు?"

"తలుపు తీస్తాను. మాట్లాడను. రెండ్రోజులు."

"రెండ్రోజులేనా?"

పిల్ల ఆలోచించింది. "మూడు."

మర్నాడు సాయంత్రం ఆమె పిల్లల కోసం లైబ్రరీకెళ్ళింది. కాగితం తీసేద్దామని సూదమ్మ బోర్డు మీద చెయ్యి వేసింది. లైబ్రేరియన్ బల్ల వెనకనుంచే అడ్డు చెప్పింది.

"తియ్యకమ్మా. వారం నుంచి చూస్తున్నాను. చదివినవాళ్ళు నవ్వటం లేదు, కాసేపు అక్కడే నిలబడి వెళుతున్నారు. ఒకావిడ ఆ పుస్తకం కావాలని పేరు రాయించుకుని వెళ్ళింది."

సూదమ్మ పెద్దదాని వైపు చూసింది. నిర్ణయం దానికే వదిలేసింది. పిల్ల కాగితాన్ని మరోసారి చదివి, పెన్ను అడిగి తీసుకుంది. తల్లి పొడి అక్షరాల కింద గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "ఆమె తిరిగి వచ్చింది. చివరి భాగం బాలేదు. ఇది రాసినావిడ ఇంట్లోనే ఉంది."

ఆ తర్వాత సూదమ్మ అలసటేమీ తగ్గలేదు. సెలవులో వెళ్ళిన అమ్మాయి ఇంకా రాలేదు. లిఫ్టులు ఆగడం మానలేదు. కాకపోతే భర్త మంగళ, శుక్రవారాల్లో పిల్లల్ని తనే ఇంటికి తీసుకొస్తానన్నాడు. మంగళవారం తీసుకొచ్చాడు కూడా. శుక్రవారం ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారు.

పెద్దది ఇంకో పది రోజులు జాగ్రత్తగానే మసిలింది. పదకొండో రోజు పొద్దున, నీలం రిబ్బను దొరకలేదని ఇల్లు పీకి పందిరేసింది. చెల్లెలే దాచిందని దాని జుట్టు పట్టుకుంది. అది శోకాలు పెట్టింది. సూదమ్మ ఒక చెప్పు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ పట్టుకుని తిట్టింది. రిబ్బను వెతికి జడ మళ్ళీ అల్లేసరికి ఐదున్నర బస్సు వెళ్ళిపోయింది.