సున్నా దగ్గర ఆగని సాంచ

పొద్దున్నే సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు మొదలయ్యే వేళకు నవనీత కూడా మేడ మీది గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆమె పని కంపైలర్ మీద, అంటే మనుషులు రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్ మీద. ఆమె రాసింది కింది షెడ్డులోని సాంచాలు కూడా వినేవి. పైన కోడ్ చిక్కుపడితే కింద పడుగు చిక్కుపడేది. అందుకే దారపు కండె ఎక్కించే ముందు అత్త వెంకటవ్వ మెట్ల దగ్గర నిలబడి, "బిడ్డా, ఇయ్యాల నీ పని సక్కగున్నదా?" అని అడిగేది, కూర ఏం వండాలని అడిగినట్టే.

మరిది వేణుకు ఆమె పొడ గిట్టదు. అన్న గణేశ్ దుబాయ్‌లో ఉన్నాడు కాబట్టి ఇల్లంతా తనదే అనుకుంటాడు. ఆమె పనిచేసే గదిలో కండెలు చుట్టే మిషన్ పెట్టాలని అతని పట్టుదల.

"కూసొని టకటక కొట్టుడు గూడ ఒక పనేనా వదినా? నీ జీతం ఆగిననాడు గది ఖాళీ చేయాలె, చెప్తున్న" అన్నాడు ఆ పొద్దు కూడా.

ఫోన్‌లో మేనేజర్ ప్రేమ్‌కుమార్ ఇతనికన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. "సాయంత్రంలోగా ఆ ఫంక్షన్ వేగం పెరగకపోతే వేరేవాళ్లను చూసుకుంటాం" అని పెట్టేశాడు.

ఆ ఫంక్షన్, అంటే కోడ్‌లో ఆ చిన్న ముక్క, ఎంతని? నాలుగు వరుసలు. ఒక సంఖ్యను శేషం లేకుండా ఎన్నిసార్లు సగం చేయొచ్చో చెబుతుంది, అంతే. కంపైలర్ దాన్ని లక్షలసార్లు పిలుస్తుంది. మొదటి వరుసలో ఒక ప్రశ్న: వచ్చింది సున్నానా? అయితే అక్కడే ఆగు. సున్నాను ఎంత సగం చేసినా సున్నానే కదా, ఆ లెక్క ఎన్నటికీ తెమలదు. కానీ సున్నా వచ్చేదే అరుదు. రాని చుట్టం కోసం రోజూ గుమ్మంలో కూర్చోవడమేమిటని విసుక్కుని నవనీత ఆ వరుస తీసేసింది. వేగం పెరిగింది. ప్రేమ్‌కుమార్ మొదటిసారి "గుడ్" అన్నాడు.

మధ్యాహ్నం ఒక సాంచలో కండె దారం అయిపోయింది. దారం సున్నా అయితే సాంచ తనంతట తాను ఆగాలి. ఆగలేదు. ఆగే ఉంటుందన్న అలవాటుతో వేణు చూడకుండానే కండె మార్చబోయాడు. అంగీ చెయ్యి బెల్టులో చిక్కుకుంది. వెంకటవ్వ ఉరికొచ్చి కరెంటు మెయిన్ ఆపినా సాంచ తిరుగుతూనే ఉంది.

"నవనీతా! ఏం తీసినవే? మళ్ల పెట్టు! పోరని చెయ్యి పోతున్నది!"

పెడితే వేగం పోతుంది, ఉద్యోగం పోతుంది, గది కూడా పోతుంది. ఒక్క క్షణం ఆమె వేళ్లు కదలలేదు. వేణు చెయ్యి పోతే పోనీ అనిపించింది, నిజంగానే అనిపించింది. అంతలోనే తన మీద తనకే అసహ్యం పుట్టి వరుస తిరిగి పెట్టింది. సాంచ ఆగింది.

"పెరిగిన వేగం ఎందుకు తగ్గించావు? సున్నా ఎక్కడొచ్చింది?" ప్రేమ్‌కుమార్ మళ్లీ ఫోన్ చేసి అరిచాడు.

"మా ఇంట్ల అచ్చింది సార్."

"అయితే ఇల్లే చూసుకో. రేపట్నుంచి నీకు ఉద్యోగం లేదు."

ఆ అరుపు మెట్ల దాకా వినిపించింది. కాసేపటికి వేణు పైకొచ్చాడు. అంగీ చిరిగింది కానీ చేతికి గీత కూడా పడలేదు. ఒక్క మంచి మాట అంటాడేమోనని నవనీత లేచి నిలబడింది.

"జీతం ఆగినట్టే గదా వదినా" అంటూ వేణు ఆ చెయ్యే చాపి తలుపు చూపించాడు.