దామోదర్ పష్తూన్ నెల

దామోదర్‌కి పుస్తకాలంటే ప్రాణం. కాకపోతే చదవడు. పుస్తకాల గురించి చదువుతాడు. నాలుగొందల పేజీల గ్రంథాన్ని పిండి ఎనిమిది పేజీలు చేసి, నెలనెలా పోస్టులో పంపే పత్రిక ఒకటుంది. జెర్సీ సిటీలో 'పాత్' అనే లోకల్ ట్రైన్ ఎక్కి మన్‌హాటన్‌లోని ఇన్సూరెన్స్ ఆఫీసుకి వెళ్తూ సగం, వస్తూ సగం దాన్ని నమిలేస్తాడు. చివరి పేజీలో 'ఈ నెల మీరు మెరుగుపడే దారి' అని ఒక పెట్టె ఉంటుంది. పెట్టెలో ఏది రాసి ఉంటే ఆ నెలంతా దామోదర్ అదే.

ఆ ఏడాది, అంటే ఎనభై అయిదులో, జనవరిలో జపాన్‌వాడయ్యాడు. గుమ్మం దగ్గర చెప్పులన్నీ వీధివైపుకి తిరిగాయి. ఫిబ్రవరిలో ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వినే మనిషయ్యాడు. ఆ ఎదుటివాళ్ళలో పెళ్ళాన్ని మాత్రం లెక్కవేసుకోలేదు. మార్చిలో అఫ్ఘనిస్తాన్ పష్తూన్‌ల వంతు వచ్చింది.

"మేల్మస్తియా అని వాళ్ళకొక గొప్ప ఆచారం వసూ," అన్నాడు సాంబారు కలుపుకుంటూ. "గుమ్మంలోకి వచ్చిన వాడెవడైనా సరే, కడుపు నింపి పంపాలి. చూశావా, అచ్చం మన మాటే. మేలు మస్తుగా చెయ్యడం. ఎక్కడో మన రూట్స్ కలుస్తాయి."

వసుమతికి ఒళ్ళు మండింది. ఆవిడ హైదరాబాదులో బీఫార్మసీ ఫస్టు క్లాసులో ప్యాసైన మనిషి. ఇక్కడికొచ్చి ఆరేళ్ళుగా మందుల షాపులో షాంపూ సీసాలు సర్దుతోంది. లైసెన్స్ పరీక్ష ప్యాసైతేగాని అరల ముందు నుంచి కౌంటర్ వెనక్కి వెళ్ళలేదు. కిందటేడాది నాలుగు మార్కుల్లో పోయింది. ఈసారి పరీక్ష మార్చి ముప్ఫై, శనివారం. ఇదీ తప్పితే మళ్ళీ ఏడాది షాంపూలే. చదువుకోడానికి ఆవిడకు చిక్కేవి శని ఆదివారాలు. మేలు మస్తుగా చెయ్యడానికి దామోదర్‌కి చిక్కేవీ అవే.

ఫ్రిజ్ మీద ముప్ఫై ఒక్క గళ్ళ కాగితం అంటించాడు. అతిథి వచ్చి తిని వెళ్ళిన ప్రతిసారీ ఒక బంగారు రంగు చుక్క. మొదటి ఆదివారం ఆరుగురొచ్చారు, రెండోసారి తొమ్మిదిమంది. పప్పు, గుత్తివంకాయ, పులిహోర, గారెలు. వండింది వసుమతి, గిన్నెలు తోమింది వసుమతి, చుక్క పడింది దామోదర్‌కి. వచ్చినవాళ్ళు కూడా "దామోదర్ గారిది పెద్ద చెయ్యండీ" అంటూ ఆవిడ వేసిన గారెలే తిన్నారు.

మూడో ఆదివారం ఎవరూ రాకపోతే వసుమతి కాస్త ఊపిరి పీల్చుకుంది. నాలుగోదానికి పదకొండుమందిని పిలిచానని శనివారం పొద్దున్న చెప్పాడు. వాళ్ళలో తన ఆఫీసు మేనేజరు ఒకడు.

"వచ్చే శనివారమే నా పరీక్షండీ."

"అందుకే ఆదివారం పెట్టాను. నీకింకా ఫైవ్ డేస్ ఉంటాయిగా," అన్నాడు, చాలా ఆలోచించినవాడిలా.

ఆదివారం పదిన్నరకి దామోదర్ షేవింగ్ చేసుకుంటున్నాడు. వసుమతి నానిన మినప్పప్పు వైపు చూసింది, టేబుల్ మీద ఫార్మకాలజీ పుస్తకం వైపు చూసింది. పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళింది.

అక్కడ జర్మీనా ఉంటుంది, ముసలి మామగారితో. కాందహార్‌లో లెక్కల టీచరు. భర్త యుద్ధంలో పోతే పెషావర్ మీదుగా ఇక్కడ తేలింది. పెషావర్‌లో నేర్చిన ఉర్దూ ఆవిడది, హైదరాబాద్ ఉర్దూ వసుమతిది. బట్టలుతికే మెషీన్ల దగ్గర ఇద్దరికీ స్నేహం కలిసింది. పై అంతస్తులో అసలైన పష్తూన్లు ఉన్నారని దామోదర్‌కి చెప్పాలని వసుమతికి ఎప్పుడూ అనిపించలేదు. తెలిస్తే వాళ్ళనీ గళ్ళలో అంటించేస్తాడని భయం.

తలుపు తీసిన జర్మీనాతో, మొగుడు భోజనాల దగ్గర పదేపదే వల్లించిన ఇంకో మాట అంది. "నానావతి."

జర్మీనాకి అర్థం కాలేదు. "ఎవరావిడ?"

"అదే, శరణు. మీలో అడిగితే కాదనరట కదా."

జర్మీనా ఫక్కున నవ్వింది. "ననవాతై," అని సరిచేసి, నవ్వు ఆపి, వసుమతి ముఖంలోకీ చంకలోని పుస్తకం వైపూ చూసింది. లోపలికి తిరిగి పష్తోలో ఏదో చెప్పింది. మామగారు లేచి, కర్ర పట్టుకుని వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. వసుమతికి కిటికీ పక్క గది ఇచ్చారు.

పన్నెండున్నరకి దామోదర్ ఆ అంతస్తులో ఉన్న తలుపులన్నీ తట్టుకుంటూ వచ్చాడు. ముసలాయన తలపాగా, గడ్డం చూడగానే, అంత కంగారులోనూ పత్రికలో నేర్చిన పష్తో పలకరింపు విసిరాడు. ముసలాయన సంతోషించి, పక్కన కూచోబెట్టి, గ్రీన్ టీ ఇప్పించాడు. కాని వసుమతి ఉన్న గదికి దారి మాత్రం ఇవ్వలేదు.

"శరణు కోరినవాళ్ళని అప్పగిస్తే మా ఇంటి పరువు ఉండదట," అంది జర్మీనా, మామగారి మాటలు ఇంగ్లీషులో చెబుతూ. "శనివారం పరీక్ష అయ్యాక ఆవిడే వస్తుందట."

"అయ్యో, అది ఎనిమీ నుంచి కాపాడ్డానికండీ. నేను హజ్బెండ్‌ని."

ముసలాయన గడ్డం నిమురుకుని నిదానంగా ఏదో అడిగాడు. జర్మీనా తల దించుకునే తర్జుమా చేసింది. "శత్రువు నుంచే శరణు అడుగుతారు, నిజమే. మరి ఈ పిల్ల ఎవరి నుంచి అడిగిందో కనుక్కో అంటున్నారు."

దామోదర్ టీ కప్పులోకి చూశాడు. "కింద పదకొండుమంది గెస్ట్స్ ఉన్నారు."

"అతిథి పిలిచినవాడి బరువట. ఇక ఇది నా మాట," అంది జర్మీనా. "మా ఊళ్ళోనూ పేరు మగవాళ్ళదే. పద్దెనిమిదేళ్ళు వాళ్ళ అతిథులకు నేను పిండి పిసికాను. మీ పుస్తకంలో ఆ సంగతి ఉందా?"

"పుస్తకం నేను చదవలేదు," అన్నాడు దామోదర్ చిన్నగా. "దాని గురించి చదివాను."

లోపలి గదిలో వసుమతికి అన్నీ వినిపిస్తున్నాయి. అతని గొంతు అలా తగ్గడం ఆవిడ పదకొండేళ్ళలో వినలేదు. జాలి వేసింది. లేచి వెళ్ళి ఆ గారెలేవో వేసేస్తే పోలా అనిపించింది. కాళ్ళు లేవబోయాయి కూడా. వాటిమీద ఆవిడకే కోపం వచ్చి, పుస్తకం ఒళ్ళోకి లాక్కుని రక్తపోటు మందుల అధ్యాయం తెరిచింది.

దామోదర్ అడుగులు మెట్లు దిగాయి. అయిదు నిమిషాలకి మళ్ళీ ఎక్కాయి. ఈసారి పలకరింపులేవీ లేవు.

"వసూ," అన్నాడు గుమ్మం అవతలి నుంచి, తెలుగులో. "అన్నానికి నీళ్ళు ఎన్ని పొయ్యాలి?"

ముసలాయన కోడలి వైపు చూశాడు. కోడలు గది వైపు చూసింది. జవాబు వసుమతి నాలుక చివరే ఉంది. ఆవిడ పేజీలోంచి తల ఎత్తలేదు.

"బియ్యం సంచీ మీద రాసి ఉంటుందండీ. చదవండి."