నేలను వదలని ఇల్లు

ఫ్లాస్కులో టీ, భుజాన రెయిన్‌కోటు, చేతిలో పలచటి ఇనప పట్టీ. నగర కౌన్సిల్ ఉద్యోగి దేవపాల్ రోజూ పొద్దున్నే బయల్దేరేటప్పుడు తీసుకెళ్లే సామాను అంతే. ఇంటిపన్నులో రాయితీ తీసుకునేవాళ్లు ఆ ఇంట్లోనే ఉంటున్నారా లేదా అని మూడేళ్లకోసారి చూసి రావడం అతని పని. అతను తిరిగే జాన్సన్‌విల్ పేటలో ఇళ్లు కొండవాలున చెక్క గుంజల మీద కూర్చుని ఉంటాయి. యజమాని కాపురం ఉన్న ఇల్లు ఎంత గాలి వీచినా గుంజల మీంచి కదలదు. కాపురం లేని ఇల్లు మెల్లగా పైకి తేలుతుంది. దేవపాల్ వంగి, గుంజకీ దూలానికీ మధ్య పట్టీ పెట్టి చూస్తాడు. దూరిందా, రాయితీ పోయినట్టే.

ఈ తనిఖీని బురిడీ కొట్టించబోయిన వాళ్లలో కిషన్‌రావు గారు ముందుంటారు. దూరాన ఆల్బనీ ఊళ్లో కాపురం ఉంటూ, ఇక్కడ తాళం పెట్టిన ఇంటికి రాయితీ తింటూ, ఇల్లు లేవకుండా హాలునిండా సోనా మసూరి బస్తాలు పేర్పించారు. దేవపాల్ వెళ్లేసరికి ఇల్లు బస్తాలతో సహా లేచి ఉంది, దాని కింద పొరుగింటి పిల్లి హాయిగా నిద్రపోతోంది. బియ్యం బరువు కాపురం బరువు కాదని ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు.

ఈసారి వంతు వేదవతిది. భర్త పోయాక పింఛనుతో ఒక్కతీ నెట్టుకొస్తున్న మనిషి. ఎండాకాలంలో బాత్రూంలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఇప్పుడు చలికాలం వచ్చినా ఇంకా పెద్దవాళ్లని చూసుకునే రెస్ట్‌హోమ్‌లోనే ఉంది. రాయితీ పోతే పన్ను కట్టలేదు, ఇల్లు అమ్ముకోవాల్సిందే. అమ్మేస్తే లేచి నడిచినా వెళ్లడానికి చోటుండదు.

రెస్ట్‌హోమ్‌లో పనిచేసే శిరోమణి వేదవతికి పక్కింటావిడ కూడా. ఇంటి తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. వేదవతి ఇంటి గేటు దగ్గరే దేవపాల్‌ని ఆపేసింది.

"ఆంటీ ఇంకో నెలలో నడుస్తారని ఫిజియో చెప్పింది దేవపాల్ గారూ. అప్పుడొచ్చి చెక్ చేయకూడదా?"

"చర్చిలో మనం పక్కపక్క బెంచీల్లో కూర్చుంటామని రూలు మారదు కదమ్మా."

"అయితే ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోనివ్వండి."

"చేసుకోండి. నేనూ చేసుకుంటాను."

తర్వాత అతను తడిగడ్డిలో మోకాళ్ల మీద వంగాడు. ఎదురుగా, ఊరెళ్లినవాళ్ల ఇల్లొకటి మూరెడు ఎత్తున గాలికి ఊగుతోంది. పట్టీ పెట్టాడు. దూరలేదు. ఇంకో గుంజ దగ్గర పెట్టాడు. అక్కడా దూరలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత గట్టిగా కూర్చున్న ఇంటిని అతను చూడలేదు.

"లోపల ఎవరుంటున్నారు?" అన్నాడు అనుమానంగా.

"ప్రభువు సాక్షిగా ఎవరూ లేరండీ. తాళం తీసి నెలలైంది."

తాళం తీయించాడు. డ్యూటీలో బూట్లు విప్పకూడదని కౌన్సిల్ రూలు, అందుకని అలాగే లోపలికి నడిచాడు. మూసిపెట్టిన ఇంటి ముక్కిన వాసన లేదు. ఇంగువ పోపు ఘుమఘుమలాడుతోంది. కిటికీ దగ్గర కరివేపాకు కుండీలో మట్టి తడిగా ఉంది. సింకు పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. గదులన్నీ వెతికాడు. మనిషన్నవాళ్లు లేరు.

ఇద్దరూ రెస్ట్‌హోమ్‌కి వెళ్లారు. వేదవతి కళ్లు మూసుకుని పడుకుని ఉంది. దుప్పటి మీద ఆమె కుడిచెయ్యి ఏదో కలుపుతున్నట్టు గుండ్రంగా తిరుగుతోంది.

"ఆంటీ," పిలిచింది శిరోమణి.

"ఉండమ్మా, పోపు మాడిపోతుంది."

కాసేపటికి చెయ్యి ఆగింది. వేదవతి కళ్లు తెరిచి, దేవపాల్‌ని పైనుంచి కిందికి చూసి, బూట్ల దగ్గర ఆగింది.

"నువ్వేనా నాయనా? హాలు ఇప్పుడే తుడిచాను. ఆ బురద బూట్లతో వంటింటి దాకా వచ్చేశావే!"

దేవపాల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. చర్చిలో నిలబడినట్టు చేతులు కట్టుకున్నాడు.

"తప్పయిపోయింది ఆంటీ," అన్నాడు. "మరి... ఇంటికి ఎప్పుడొస్తారు?"

"ఎక్కడికెళ్లానని నాయనా, రావడానికి?" అని ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.

తను చేసిన మురికి తనే తుడవాలనిపించింది దేవపాల్‌కి. శిరోమణి దగ్గర తాళంచెవి తీసుకుని ఆ ఇంటికి తిరిగి వెళ్లాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి గుమ్మం ముందు బూట్లు విప్పి, తలుపు తీశాడు.

బురద అడుగులు లేవు. హాలు, వంటిల్లు శుభ్రంగా తుడిచి ఉన్నాయి. నేల ఇంకా ఆరలేదు.

తడి ఆరకముందే తొక్కడం పద్ధతి కాదని అతను గడప ఇవతలే ఆగిపోయాడు. ఆ చలిగాలిలో, ఒట్టి కాళ్లతో అక్కడే నిలబడి, రాయితీ ఇంకో మూడేళ్లు కొనసాగించవచ్చని రాశాడు. కారణం రాయాల్సిన చోట, యజమానురాలు ఇంట్లోనే ఉన్నారు అని రాశాడు.