సిస్టరమ్మ ఊరి ద్రాక్షారసం

మరుగుతున్న నీళ్లలోంచి సూదులను పట్టుకారుతో ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పేరుస్తోంది ఆరోగ్యం. మోకాళ్లు సలుపుతున్నాయి. వార్డు ఊడ్చి, కుండలు నింపి, ఇంకా తాను గంజి తాగలేదు. మణుగూరు అడవి అంచున ఈ మిషన్ దవాఖానాలో ఇరవై రెండేళ్లుగా ఆమెకు ఇట్లాగే తెల్లవారుతోంది.

పంతొమ్మిదేళ్లప్పుడు, జ్వరం ముదిరిన మొగుణ్ణి మంచం మీద మోయించుకొని వచ్చింది. మూడోనాడు అతను పోయాడు. ఆమె తిరిగి ఊరికి పోలేదు. "నీళ్లు కాచడం వచ్చా?" అని ఆనాడు అడిగిన ఫ్రాన్సు నర్సు క్లెమాన్స్ సిస్టరమ్మ ఇప్పుడు చివరి గదిలో పడుకొని ఉంది. గుండె అలిసిపోయింది. సొంత దేశం పంపెయ్యమని పైనుంచి ఉత్తరం వచ్చింది. మూడింటికి జీపు.

గంజి తీసుకుపోతే సిస్టరమ్మ వద్దని, అల్మారాలో సీసా చూపించింది. క్రిస్మస్‌కు ఆమె మేనల్లుడు పంపిన కోట్ దు రోన్ వైను.

"డాక్టరు వద్దన్నడు గదమ్మా."

"పోయేదాన్ని. ఇంకా డాక్టరేంది?"

బిరడా తీసే పరికరం లేదు. చాకు మొన విరిగింది. చివరికి ఆరోగ్యం గరిటె కాడ పెట్టి, ఒంటి బరువంతా మోపి, బిరడాను లోపలికే నెట్టేసింది. చీర మీద ఎర్రగా చిందింది.

మందు కొలిచే గ్లాసులు రెండింటిలో పోయించి, సిస్టరమ్మ "కూసో" అంది. ఆమె ఎదుట ఆరోగ్యం ఎన్నడూ కూర్చోలేదు. స్టూలు అంచున ఒదిగింది. గుటక వేసింది. చిక్కగా లేదు, పల్చగా లేదు. నేరేడు పండులా నాలుకను పట్టేసింది, వెనకాల మిరియం ఘాటు.

"మూడు రకాల ద్రాక్ష కలుపుతరు," అంది సిస్టరమ్మ. "ఒకటి తీపికి, ఒకటి రంగుకు, ఒకటి బలానికి."

వాళ్ల ఊరు రోన్ నది ఒడ్డునట. తోటల్లో మట్టి కనపడదట, అన్నీ గుండ్రాళ్లేనట. పగలు కాగిన రాళ్లు పొద్దుగుంకినా తీగలకు వెచ్చదనం ఇస్తాయట. ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుందట.

"మన గోదారంత ఉంటదా?"

"ఉండదు. చిన్నది."

"పోయి చూసుకోరాదమ్మా."

"ఎవరున్నరు ఆరోగ్యం? మేనల్లుడా, నన్ను ఫోటోలనే చూసిండు."

పోవద్దమ్మా అనాలనిపించింది. అంత మాట తాను ఎట్లా అంటుంది?

"ఇంకింత పొయ్యన్నా?" అంది.

"పొయ్యి."

అది తాగి సిస్టరమ్మ కళ్లు మూసుకుంది. ఆరోగ్యం దుప్పట్లు ఉతికి ఆరేసి, రెండు దాటాక సామాను సర్దడానికి వచ్చింది. పిలిచింది. భుజం తట్టింది. మణికట్టు మీద వేళ్లు పెట్టి చాలాసేపు చూసింది. నాడి చూడటం నేర్పింది సిస్టరమ్మే. ఏడుపు రాలేదు. మంచం కోడును ఆనుకొని కింద కూర్చుంది.

జీపు చెప్పిన వేళకే వచ్చింది. డ్రైవరు భీమయ్య గుమ్మంలో ఆగిపోయాడు.

"ఎప్పుడు?"

"నిద్రల్నే, అన్నా. నేను బట్టలుతుక్కుంట ఉన్న."

అతను ఫాదర్‌కు చెప్పడానికి చర్చి వైపు నడిచాడు. జీపు ముందు సీట్లో, సిస్టరమ్మ చలిదేశం పోతోంది కదా అని అతను ఖమ్మంలో కొనుక్కొచ్చిన నీలం ఉన్నికోటు, గుండీలన్నీ పెట్టి మడిచినది, ఎండలో ఉంది.