వంపులో కనపడని సిగ్నలు

అందరూ కూతబండి అని పిలిచే అతనికి అసలు పేరొకటుందని వీధిలో చాలామంది మర్చిపోయారు. గడియారాలు బాగుచేసేవాడు. తీరిక దొరికితే ఇత్తడి రేకులు కత్తిరించి రైలింజన్ల బొమ్మలు చేసేవాడు. ఆ పనిలో అతనిది ఉడుంపట్టు. అసలు ఇంజను ఎక్కి, డ్రైవరు సీట్లో కూర్చోనిదే బొమ్మకు రంగు వేయడు.

"రంగు లేకపోతే ఏం కొంప మునిగిందిరా? నాకు చూడ్డానికి నిలబెట్టు, చాలు," అంది అక్క.

ఆవిడకు కావలసింది అలంకారానికి బొమ్మ కాదు. బావ రైలు డ్రైవరు. వంపు దగ్గర ఎర్ర సిగ్నలు దాటి, ఆగి ఉన్న గూడ్సును గుద్ది పోయాడు. నిద్రపోయాడని పైవాళ్లు తేల్చేశారు. అప్పటినుంచీ అక్క మొగుణ్ణి తలుచుకుని ఏడ్చింది లేదు, తిట్టడమే. కూర మాడినా తిట్లు ఆయనకే. "నిజంగానే నిద్రపోయావా?" అని మాత్రం, ఎవరూ లేరనుకున్నప్పుడు, గోడకేసి మెల్లగా అడిగేది. ఆ సీట్లోంచి సిగ్నలు కనిపించేదో లేదో తన కళ్లతో చూడాలని ఆవిడ పట్టు.

తమ్ముడు భోజనాల బల్ల మీద కొలత ప్రకారం పట్టాలు వంచి, సిగ్నలు నాటి, ఇంజను నిలబెట్టాడు. బావ ఆ ఇంజను ముందు మీసం మెలేసి దిగిన ఫొటో చూసి చేసిన బొమ్మ అది. అక్క వంగి, వెనకనుంచి డ్రైవరు అద్దానికి సరిగ్గా కన్ను ఆనించింది.

"కనిపిస్తోందిరా. గుమ్మంలో మనిషి నిలబడ్డట్టు కనిపిస్తోంది." నడుం ఎత్తి నిలబడింది. "అయితే నిద్రే. తీసెయ్ దీన్ని."

తీయడానికి కూతబండికి చేతులు రాలేదు. అసలు ఇంజను ఇంకా ఎక్కలేదు కదా! ప్రమాదం తర్వాత బాగుచేసి నడిపినా, ఆ నంబరంటే డ్రైవర్లకు దడ పుట్టడంతో షెడ్డువాళ్లు వేరే నంబరు తగిలించారు. అందుకే ఇన్నాళ్లూ దొరకలేదు. చివరికి బావతో పనిచేసిన ముసలి డ్రైవరు ఒకాయన జాడ చెప్పి, తుక్కు యార్డుకు వెంటబెట్టుకు వెళ్లాడు.

గడ్డి మొలిచిన పట్టాల మీద ఇంజను తుప్పు పట్టి నిలబడి ఉంది. నిప్పు చల్లారి ఏళ్లు గడిచినా లోపల వెచ్చగానే ఉంది. ఎండ వేడి అని సర్దిచెప్పుకుని సీట్లో కూర్చున్నాడు. కాసేపటికి కింద నుంచి ముసలాయన నవ్వు వినిపించింది.

"నువ్వూ వంగావే!"

కూతబండి చూసుకున్నాడు. తనకు తెలియకుండానే ఎడమకు ఒరిగి, తల కిటికీ బయటికి పెట్టి ఉన్నాడు.

"ఎవరో భుజం పట్టి నెట్టినట్టుంది బాబాయ్."

"మాకూ అంతేరా అబ్బాయ్! మీ బావ పోయాక ఈ బండి ఎక్కినవాడల్లా అలాగే వంగాడు. ముందు అడ్డం ఏమన్నా ఉందా అంటే లేదాయె. దీనికేదో తిక్క అనుకునేవాళ్లం."

అడ్డం అన్న మాట కూతబండిని పట్టుకుంది. దిగి, బాయిలరు ఎడమ పక్కన తుప్పు గీకాడు. పూడ్చేసి రంగు కొట్టిన బోల్టు బెజ్జాలు వరసగా బయటపడ్డాయి. పొగ డ్రైవరు కళ్లలో పడకుండా కొన్ని ఇంజన్లకు అక్కడే నిలువు రేకు బిగిస్తారు.

ఇంటికొచ్చి ప్రమాదం నాటి ఫొటోను భూతద్దం కింద పెట్టాడు. ఇంజను ఎడమ పక్కకే పడి ఉంది. దాని కింద నలిగిన రేకు అంచు. ఇన్నేళ్లూ దాన్ని గూడ్సు పెట్టె కప్పు అనుకున్నాడు! పెట్టె కప్పుకు బోల్టులు దూర్చే చెవులెందుకుంటాయి? బావ మీసం మెలేసి ఫొటో దిగిన నాటికి లేని రేకు అది. తర్వాత బిగించారు, గుద్దుకున్నాక చడీచప్పుడు లేకుండా పీకి పారేశారు.

బొమ్మకు రేకు అతికించి అక్కను పిలిచాడు. ఆవిడ మళ్లీ అద్దానికి కన్ను ఆనించింది.

"ఏదిరా సిగ్నలు? పీకేశావా?"

"అక్కడే ఉందక్కా."

ఆవిడ తలెత్తి సిగ్నలును చూసింది. మళ్లీ వంగింది. ఈసారి చాలాసేపు లేవలేదు.

"రేకే కదరా కనిపిస్తోంది," అంది. "నువ్వు కాస్త బయటికి పో."

వసారాలో కూర్చున్న కూతబండికి లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "అన్నన్ని తిట్లు ఎలా పడ్డావయ్యా?" అంది అక్క. ఆగింది. మనిషి జవాబు చెప్పేంత సేపు ఆగింది. "ఊఁ," అంది. మళ్లీ ఆగి, "ఊఁ" అంది. తర్వాత ఎవరో ఏదో అన్నట్టు, ముక్కు చీదుకుంటూనే నవ్వింది.

కూతబండి తలుపు వైపు తిరిగాడు. అయినా తొంగి చూడలేదు. మొగుడూ పెళ్లాల మాటల మధ్యకు పోవడం అతనికి అలవాటు లేదు.