హాజరుపట్టీలో మొదటి పేరు

శిశిరము ముదిరి వసంతమునకుఁ ద్రోవ విడుచుచున్న మాఘమాసాంతమున నొక ప్రభాతంబునఁ దూర్పుకొండల నడుమనుండి తొంగిచూచుచున్న బాలభానుని కోమలకిరణంబులు జీడిమామిడి తోఁటల పూఁతకుఁ బసుపు పూసి చెఱకుటాకుల తుదల మంచుబిందువులను ముత్తెములు గావించి వెదుళ్ళవలస గ్రామప్రాథమికపాఠశాల పెంకులపై వ్రాలినంత నప్పాఠశాల పెండ్లిపీటల నెక్కఁబోవు కన్నియవలె శోభిల్లుచుండెను. రంగుకాగితముల తోరణంబులును మామిడాకుల మాలికలును సుద్దముగ్గులును నలంకారములుగాఁ గల యాప్రాంగణమున బాలబాలికలు చేయుచున్న కలకలమునకు నూరి కోళ్ళన్నియుఁ గూఁత మఱచెనని చెప్పుదురు. అన్నియు ననుట యతిశయోక్తి. ఒక్క పుంజు మాత్రము కూసెను గాని యది పుట్టుచెవిటిది.

నాఁడు పాఠశాలకు నఱువదవ వార్షికోత్సవము. అచ్చట నొక యాచారము గలదు. హాజరుపట్టీలో మొదటి పేరు గల పూర్వవిద్యార్థి వసారాలో వ్రేలాడు రైలుపట్టాముక్కను సుత్తితో మ్రోగించినఁ గాని యుత్సవము మొదలు గాదు. పాఠశాలను స్థాపించిన ప్రథమోపాధ్యాయులు మండా సోమయాజులుగారు తొలియేఁటనే గొర్లె పైడయ్య యను బాలుని బిలిచి యాసుత్తి చేతికిచ్చిరి. అది మొదలు మొన్నమొన్నటి దాఁక నేఁటేఁట నా గౌరవ మాతనిదే. ఆతఁడు వ్రేసిన వ్రేటునకు మూఁడుక్రోసుల యవతలి స్టేషనులో నాఁగియున్న రైలుబండి తనకే గంట కొట్టిరని కదలిపోయెనని యొక వాడుక గలదు. అఱువదియాఱేండ్ల పైడయ్యకు మెట్టచేను కొంతయు మీసము కొంతయు నీ సుత్తియుఁ దక్క వేఱు సంపద లేదు.

ఉత్సవమునకు వారముదినంబులు ముందు క్రొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయిని కాంతిమతిగారు పాతవస్తువుల ప్రదర్శనకై యినుపపెట్టె తెఱచి తొలినాఁటి హాజరుపట్టీని వెలికిఁ దీసిరి. ఒత్తు తప్పినను దీర్ఘము తప్పినను నిదురపట్టని యా సాధ్వీమణికి మొదటిపుటలో నీ విధముగాఁ గనఁబడెను. సంఖ్య యొకటి, గొర్లె నందన్న, తండ్రి అప్పన్న. సంఖ్య రెండు, గొర్లె పైడయ్య, తండ్రి అప్పన్న. వెంటనే పైడయ్యకుఁ గబురు పోయెను.

"పైడయ్యగారూ, మొదటి పేరు మీది గాదే! ఈ నందన్నగారు మీ యన్నగారా?"

పైడయ్య యా పుటను జూచి తెల్లబోయి "ఆ సంగతి చెప్పరాదు తల్లీ. ఒకరికి మాట యిచ్చియుంటిని" అనెను.

"చెప్పనియెడల నీయేఁడు సుత్తి మీ చేతి కిచ్చుట న్యాయము గాదు."

"ఇయ్యకుఁడు" అని యాతఁడు తలవంచుకొని పోయెను.

అంతట నూరు నూరంతయు నోరు తెఱచెను. టీకొట్టుకడ రామినాయుఁడు "అన్నను దఱిమివైచి చేనంతయు నొక్కఁడే మ్రింగినాఁడురా! నేను ఖరగ్‌పూరు స్టేషనులో నా నందన్నను గన్నులారఁ జూచితిని. గడ్డము బొడ్డుదాఁకఁ బెరిగినది గాని మూతి యచ్చముగాఁ బైడయ్యదే" అని ప్రమాణము చేసెను. ఇంటికడ భార్య పోలమ్మ చేట క్రిందఁ బడవైచి "నలువదియైదేండ్లు కాపురము చేసితిని. నాకొక బావగారున్నాఁడని యొకనాఁడైన నోరు విప్పితివా? పట్టెఁ డన్నము పెట్టలేకపోయితివా యాయనకు?" అని నిలువఁదీసెను.

"కడుపునిండఁ బెట్టితినే" అని పైడయ్య గొణిగెను.

చెప్పినయెడల గురువుగారి పరువు పదిమందిలోఁ బోవును. చెప్పకున్న దాను సోదరద్రోహి యగును, సుత్తియుఁ బోవును. ఆతఁడు సుత్తినే పోనిచ్చెను.

ఉత్సవదినమున వేదికమీఁద నెనుబదినాలుగేండ్ల సోమయాజులుగా రాసీనులైరి. పట్నమున కూఁతురియింట నుండు నాయన యేఁటేఁట నీయొక్క దినమునకై వచ్చుచుందురు. కాంతిమతిగారు సుత్తి నాయన చేతికే యందింపఁగా వృద్ధుఁడు కన్నులు చికిలించి సభ నలుప్రక్కలఁ జూచి "పైడిగాఁ డేఁడమ్మా?" అని యడిగెను. పైడయ్య చిట్టచివరి బల్లమీఁదఁ బోలమ్మకుఁ గూడ నెడముగాఁ గూర్చుండియుండెను. కాంతిమతిగారు వినికిడి తక్కువైన యాయన చెవికడ బిగ్గఱగా నంతయు విన్నవించిరి. బిగ్గఱగా విన్నవించుటచే సభకును మఱలఁ దెలిసెను.

సోమయాజులుగారు నవ్వఁబూనిరి. ఆ నవ్వునకుఁ గట్టుడుపండ్లు సడలి యొడిలోఁ బడఁగా వానిని మరల సవరించుకొని "ఓరి పిచ్చివాఁడా! నా యుద్యోగము పోవునని గదా చెప్పవలదంటిని. నాకుఁ బింఛను వచ్చి యిరువదియాఱేండ్లయ్యె. ఇంకను దాఁచితివా?" అని సభవైపు దిరిగిరి.

"వినుఁడు. ఇరువదిమంది పిల్లలు లేనిచోఁ బడి మంజూరు గాదని పైవా రాజ్ఞాపించిరి. ఇల్లిల్లు దిరిగినను బందొమ్మిదిమందియే దొరకిరి. చేర్చుకొను దినమున వీఁడు తన కోడెదూడను విడిచి రానని దానినిఁ దోలుకొని వచ్చెను. గడప దాఁటుటలో దూడయే ముందు. పేరేమిరా యంటిని. నందన్న యనెను. వ్రాసితిని. ఇనస్పెక్టరుగారు వచ్చిన పూఁట జడివాన, పాకలోఁ జీఁకటి. కడపటి వరుసలో దూడకు గొంగళి కప్పి ముందఱఁ బలక నిలిపితిని. వాఁడేల లేవఁడని యాయన యడిగిరి. జ్వరమండీ యంటిని. పాపము, దయామయుఁడు! లేపవలదని చెప్పి 'ప్రథమసంఖ్యాకుఁ డడఁకువ గలవాఁడు, తక్కిన విద్యార్థు లాతనిఁ జూచి నేర్చుకొనవలయు'నని వ్రాసిపోయిరి. ఆ వ్రాఁతతోనే యీ బడి నిలిచినది."

సభ విరగఁబడి నవ్వెను. రామినాయుఁడు మాత్రము చుట్ట వెలిగించుకొను నెపమునఁ జల్లగా జాఱిపోయెను.

"మఱి యా నందన్న యేమయ్యెను?" అని కాంతిమతిగారు కన్నులు తుడుచుకొనుచు నడిగిరి.

పైడయ్య లేచి నిలిచి "మఱుసటి యేఁటనే మా నాయన నాఁగటికిఁ గట్టెను తల్లీ. మా తరగతిలో మొదట నుద్యోగము దొరకినది వానికే" అనెను.

"నన్ను మన్నింపుఁడు పైడయ్యగారూ."

"మీ తప్పేమి? వ్రాసినదే చదివితిరి."

పోలమ్మ తానే మగని చేయి పట్టుకొని వేదికదాఁక నడిపించెను. గురువు చేతిసుత్తి శిష్యుని చేతికి వచ్చెను. పైడయ్య పట్టాముక్కను మొదట మెల్లగా నొకమాఱు తట్టెను. "ఇది మా యన్నది." పోలమ్మ నవ్వు నాఁపుకొని బావగారి యెదుటవలె భుజముల నిండఁ బయ్యెద కప్పుకొనెను. పిదప నాతఁడు వారముదినంబుల మౌనమంతయు భుజమునకుఁ దెచ్చుకొని రెండవ వ్రేటు వ్రేసెను.

చదువు చెప్పిన గురువులు లోకమునఁ బెక్కండ్రు గలరు. గురువు చెప్పిన యొక్క మాటను జదువుకంటె భద్రముగా దాఁచిన శిష్యుఁ డొక్కఁడు గల బడికి నఱువదేండ్లేమి యాఱువందలేండ్లైన నాయువు తఱుగదు. ఆ రెండవ మ్రోఁత కొండలకుఁ దగిలి తిరిగివచ్చు వఱకు సోమయాజులుగారు చెవి యొగ్గి యుండిరి. అది వినఁబడినదని తల యూఁచిన పిమ్మటనే పిల్లలు ప్రార్థనాగీత మెత్తుకొనిరి.